పుట్టిన తేదీ, పెళ్ళి తేదీ, ప్రమాణం చేసిన తేదీ

పాస్‌పోర్టు దరఖాస్తులో ఒక ప్రశ్న ఉంటుంది: మీకు పౌరసత్వం ఎలా సంక్రమించింది? జననం, వంశానుక్రమం, నమోదు లేదా సహజీకరణ (అంటే ఏళ్ళ తరబడి నివసించిన విదేశీయుడికి పౌరసత్వం ఇవ్వడం) అని ఎదురుగా జవాబులిచ్చి వాటిలో ఒకదాన్ని ఎంచుకోమంటారు. నా దరఖాస్తులోనూ, ఇంట్లోవాళ్ళ దరఖాస్తుల్లోనూ ఆ ప్రశ్న దగ్గర క్షణమైనా ఆగకుండా 'జననం' అన్నదాన్ని ఎంచుకుని, ఆ తర్వాత వచ్చే పాత చిరునామాల దగ్గర అరగంట తల పట్టుకున్నవాణ్ణి నేను. విదేశంలో పుట్టిన తన బిడ్డ కోసం అదే దరఖాస్తు నింపుతున్న మా అన్నయ్య కూతురు ఒక రాత్రి ఫోన్ చేసి, "బాబాయ్, వీడికి ఏది పెట్టాలి?" అని అడిగేదాకా ఆ ప్రశ్నకు వేరే జవాబు కూడా ఉంటుందన్న ఆలోచనే నాకు రాలేదు.

జవాబు వంశానుక్రమమే. అయితే అది తనంతట తాను వచ్చేది కాదు. 2004 తర్వాత విదేశంలో పుట్టిన బిడ్డ జననాన్ని ఏడాదిలోగా భారత రాయబార కార్యాలయంలో నమోదు చేయించాలి, బిడ్డకు మరో దేశపు పాస్‌పోర్టు లేదని తల్లిదండ్రులు రాసివ్వాలి. ఏడాది దాటితే కేంద్ర ప్రభుత్వ అనుమతి కావాలి. అంటే రక్తసంబంధం ఎంత గట్టిదైనా దానికీ గడువు తేదీ ఒకటి ఉందన్నమాట. ఆ రాత్రి మొదలైన నా చదువు చాలా నెలలు సాగింది. పుట్టుక, తల్లిదండ్రులు, పెళ్ళి, సహజీకరణ అని మనం చెప్పుకునే నాలుగు దారుల్లో ఏదీ ప్రకృతి వేసినది కాదనీ, ప్రతిదాన్నీ ఎవరో, ఒక అవసరం కోసం, ఒక తేదీన వేశారనీ, తర్వాత మరెవరో మరో తేదీన మళ్ళించారనీ అప్పుడు నాకు అర్థమైంది.

నేను ఆలోచించకుండా ఎంచుకున్న 'జననం' సంగతే ముందు చూద్దాం. 1955 నాటి భారత పౌరసత్వ చట్టం ప్రకారం, 1950 జనవరి 26 నుంచి 1987 జూన్ 30 వరకు ఈ దేశంలో పుట్టినవారు, తల్లిదండ్రులు ఏ దేశస్థులైనా, భారత పౌరులే. విదేశీ రాయబారుల పిల్లల వంటి కొద్ది మినహాయింపులు మాత్రమే ఉన్నాయి. 1987 జూలై 1 నుంచి పుట్టినవారికి తల్లిదండ్రుల్లో కనీసం ఒకరు భారత పౌరులై ఉండాలి. 2004 డిసెంబర్ 3 నుంచి ఇద్దరూ పౌరులై ఉండాలి, లేదా ఒకరు పౌరులైతే రెండోవారు అక్రమ వలసదారు కాకూడదు. ఇద్దరు విదేశీయులకు ఒకే ఆసుపత్రిలో, 1987 జూన్ 30 రాత్రి పదకొండున్నరకు ఒక బిడ్డ, అర్ధరాత్రి దాటాక కవలగా మరో బిడ్డ పుట్టి ఉంటే, అక్క భారతీయురాలు, తమ్ముడు కాదు. నేల మారలేదు, తల్లి మారలేదు, మారింది క్యాలెండరులో కాగితం ఒక్కటే.

పుట్టిన నేలను బట్టి పౌరసత్వం ఇవ్వడాన్ని లాటిన్‌లో జస్ సోలి అనీ, తల్లిదండ్రుల రక్తాన్ని బట్టి ఇవ్వడాన్ని జస్ సాంగ్వినిస్ అనీ అంటారు. పోటీ పరీక్షలకు చదివినవారికి ఈ రెండు మాటలూ కంఠోపాఠమే. నేలసూత్రం ఉదారమైనదనీ, రక్తసూత్రం సంకుచితమైనదనీ ఒక అభిప్రాయం బాగా పాతుకుపోయింది. చరిత్ర చూస్తే అది అంత సూటిగా లేదు. ఇంగ్లండులో నేలసూత్రానికి మూలంగా చెప్పుకునే తీర్పు 1608 నాటి కాల్విన్ కేసు. 1603లో స్కాట్లండు రాజు ఇంగ్లండుకు కూడా రాజయ్యాక స్కాట్లండులో పుట్టిన ఒక పసివాడి పేరిట ఇంగ్లండులో భూమి ఉండవచ్చా, లేక వాడు పరదేశి కనుక ఉండకూడదా అన్నది వివాదం. రాజు రక్షణలో పుట్టినవాడు పుట్టుకతోనే రాజుకు విధేయుడు, కాబట్టి పరదేశి కాడని న్యాయమూర్తులు తేల్చారు. అంటే నేలమీద పుట్టినవాడికి నేల హక్కు ఇచ్చిందని కాదు, నేల ఎవరిదో ఆ రాజుకు వాడు జీవితాంతం కట్టుబడి ఉండాలని. ఆస్తి తగాదాలో పుట్టిన ఈ సూత్రం తర్వాత సముద్రాలు దాటి, ఎవరూ అనుకోని పనులు చేసింది.

మనిషిని నేలకు కట్టేసే ఈ పద్ధతిలో భూస్వామ్యపు వాసన ఉందని ఫ్రాన్సులో విప్లవం తర్వాతి తరం న్యాయవేత్తలు అనుకున్నారు. 1804 నాటి ఫ్రెంచి పౌర స్మృతి పౌరసత్వాన్ని ఇంటిపేరులాగా తండ్రి నుంచి బిడ్డకు దిగేదిగా చేసింది. యూరప్‌లో చాలా దేశాలు ఆ దారిలోనే నడిచాయి. అంటే ఈనాడు సంకుచితమని మనం అనుకునే రక్తసూత్రం ఆనాడు ఆధునికమైనది. అదే ఫ్రాన్సు 1889లో కొంతమేర నేలవైపు మళ్ళింది. ఫ్రాన్సులో పుట్టి పెరిగిన వలసదారుల పిల్లలు విదేశీయులమన్న పేరుతో సైనిక సేవ తప్పించుకుంటున్నారన్న ఫిర్యాదు దీనికి ఒక పెద్ద కారణం. పౌరసత్వాన్ని అందరూ కోరుకునే వరంగానే ఊహించుకోవడం మనకు అలవాటు కాబట్టి, ఒక రాజ్యం పట్టుకుని మరీ పౌరసత్వం అంటగట్టిన ఈ సందర్భం నాకు కొంచెం నవ్వు తెప్పించింది.

అమెరికాలో మాత్రం నేలసూత్రం ఒక గాయానికి మందుగా రాజ్యాంగంలోకి వచ్చింది. నల్లజాతి మనుషులు, బానిసలైనా స్వతంత్రులైనా, అమెరికా పౌరులు కాలేరని 1857లో డ్రెడ్ స్కాట్ కేసులో సుప్రీంకోర్టు తీర్పు చెప్పింది. అంతర్యుద్ధం ముగిశాక, 1868లో వచ్చిన పద్నాలుగో సవరణ ఆ తీర్పును తుడిచిపెడుతూ, అమెరికాలో పుట్టి దాని అధికార పరిధికి లోబడినవారందరూ పౌరులేనని ప్రకటించింది. దీనికి అసలు పరీక్ష ముప్పై ఏళ్ళ తర్వాత ఎదురైంది. వాంగ్ కిమ్ ఆర్క్ 1873లో శాన్‌ఫ్రాన్సిస్కోలో చైనా దంపతులకు పుట్టాడు. చైనీయులు సహజీకరణ పొందడానికి అప్పటి చట్టం ఒప్పుకోదు కనుక అతని తల్లిదండ్రులు ఎన్నేళ్ళున్నా పౌరులు కాలేరు. 1895లో చైనా వెళ్ళి తిరిగి వచ్చిన అతన్ని, నువ్వు పౌరుడివి కావంటూ అధికారులు ఒడ్డుకు దిగనివ్వలేదు. పుట్టిన ఊరు కళ్ళెదుట కనబడుతుండగా నెలల తరబడి రేవులోని ఓడల మీదే బందీగా ఉండిపోయాడు. 1898లో సుప్రీంకోర్టు ఆరుగురికి ఇద్దరు మెజారిటీతో అతను పుట్టుకతో అమెరికా పౌరుడేనని తేల్చింది. 2025 జనవరి 20న అమెరికా అధ్యక్షుడు జారీ చేసిన ఉత్తర్వు, తాత్కాలిక వీసాల మీద ఉన్నవారికీ పత్రాలు లేనివారికీ పుట్టే పిల్లలకు ఈ హక్కు వర్తించదన్నప్పుడు, కోర్టుల్లో అందరూ మళ్ళీ విప్పింది వాంగ్ కిమ్ ఆర్క్ కట్టనే.

తక్కిన ఆంగ్ల న్యాయ సంప్రదాయపు దేశాల్లో చాలా ఈలోగా ఒక్కొక్కటిగా వెనక్కి తగ్గాయి. బ్రిటన్‌లో 1983 జనవరి 1 నుంచి, ఆస్ట్రేలియాలో 1986 ఆగస్టు 20 నుంచి, న్యూజీలాండ్‌లో 2006 జనవరి 1 నుంచి అక్కడ పుట్టడం ఒక్కటే చాలదు. ఐర్లండ్ 2004లో ప్రజాభిప్రాయ సేకరణ జరిపి మరుసటి ఏడాది నుంచి నిబంధన మార్చింది. షరతుల్లేని నేలసూత్రం ఇప్పుడు ప్రధానంగా అమెరికా ఖండాల్లోనే మిగిలింది. వలస వచ్చినవారితో నిండిన ఆ దేశాలకు ఒకప్పుడు జనం కావలసివచ్చింది మరి. ఆస్ట్రేలియా ఒక్క వెసులుబాటు ఉంచింది: అక్కడ పుట్టి, పదో పుట్టినరోజు దాకా మామూలుగా అక్కడే నివసించిన బిడ్డకు ఆ రోజున పౌరసత్వం వస్తుంది. నేను చదివిన నిబంధనలన్నిటిలో నాకు బాగా నచ్చినది ఇది. ఎందుకంటే మనిషికి ఒక నేలతో ఏర్పడే సంబంధం ప్రసవించిన క్షణంలో కాక బడిలో, వీధిలో, స్నేహితుల మధ్య ఏర్పడుతుందని ఇది ఒప్పుకుంటోంది.

నేల అనేది భూగోళానికి కాక చట్టానికి చెందిన మాట అనడానికి ఇంతకంటే మంచి ఉదాహరణ దొరకదేమో అనిపించే సంఘటన 1943లో కెనడాలో జరిగింది. జర్మనీ ఆక్రమణ వల్ల దేశం విడిచివచ్చిన నెదర్లాండ్స్ యువరాణి జూలియానా అట్టావాలో ప్రసవించబోతున్నారు. కెనడాలో పుడితే బిడ్డకు అక్కడి జాతీయత కూడా వచ్చి, డచ్చి రాజకుటుంబానికి చిక్కులు వస్తాయి. దాంతో యువరాణి ప్రసవించే చోటు ఆ సమయానికి కెనడా పరిధిలో లేనట్టుగా భావించాలని కెనడా ప్రభుత్వం ఒక ప్రకటన చేసింది. జనవరి 19న ఆసుపత్రి గదిలో మార్గ్రీట్ పుట్టింది. ఆ గది నెదర్లాండ్స్ నేల అయిందని చాలామంది రాస్తారు, నిజానికి అంత అక్కర్లేదు. గది కెనడా కాకుండా పోతే చాలు, డచ్చి పౌరసత్వం తల్లిదండ్రుల రక్తం ద్వారా దానంతట అదే వస్తుంది. మంచం అక్కడే, గోడలు అక్కడే, ఒక్క ప్రకటనతో కాళ్ళకింద దేశం లేకుండా పోయింది.

తల్లిదండ్రులెవరో తెలియకపోతే రక్తసూత్రం ఏం చేస్తుంది? దొరికిన పసిపాప దొరికిన దేశంలోనే పుట్టినట్టు, వేరే రుజువు లేనంతవరకు, భావించాలని 1930 నాటి హేగ్ ఒప్పందం చెప్పింది. దేశరహితులను తగ్గించడానికి 1961లో వచ్చిన ఒప్పందం అలాంటి బిడ్డకు పుట్టిన చోటుతో పాటు తల్లిదండ్రుల జాతీయతను కూడా ఊహించి ఇమ్మంది. కాగితం మీద చిన్న విషయంగా కనిపించే ఈ నిబంధన ఫిలిప్పీన్స్‌లో ఒక అధ్యక్ష ఎన్నికను కుదిపేసింది. 1968లో ఇలోయిలో నగరంలోని ఒక చర్చిలో పసికందుగా దొరికిన గ్రేస్ పో, పెరిగి సెనేటరై, 2016లో అధ్యక్ష పదవికి పోటీ చేశారు. అధ్యక్షులు కావాలంటే పుట్టుకతో పౌరులై ఉండాలి, అక్కడ పుట్టుక అంటే రక్తం, ఆమె రక్తం ఎవరిదో ఎవరికీ తెలియదు. ఆ దశాబ్దంలో ఆ దేశంలో పుట్టినవారిలో తొంభై తొమ్మిది శాతానికి పైగా ఫిలిప్పీనులే కనుక ఆమె తల్లిదండ్రులూ అలాంటివారే అయివుంటారన్న లెక్కను కూడా కలుపుకుని, తొమ్మిది మంది న్యాయమూర్తులు ఆమె పక్షాన, ఆరుగురు వ్యతిరేకంగా తీర్పు చెప్పారు. రక్తసంబంధాన్ని శాతాల లెక్కతో నిర్ధారించడం చూసి ముందు విస్తుపోయాను. ఆలోచిస్తే, అమ్మ దొరకని మనిషికి అంకెల కంటే దగ్గరి బంధువు ఇంకెవరున్నారు?

అమ్మ మాట వచ్చింది కనుక, ఈ చదువంతటిలో నన్ను ఎక్కువగా ఇబ్బంది పెట్టిన విషయం దగ్గరకు వస్తాను. బిడ్డకు తల్లి ఎవరన్నది పదిమంది కళ్ళెదుట తేలే విషయం. తండ్రి ఎవరన్నది, వైద్యపరీక్షలు వచ్చేవరకు, నమ్మకం మీద నడిచిన విషయం. అయినా రక్తసూత్రాన్ని రాసిన ఆధునిక చట్టాలు దాదాపు అన్నీ చాలాకాలం పాటు తేలిన రక్తాన్ని వదిలేసి నమ్మిన రక్తాన్నే లెక్కలోకి తీసుకున్నాయి. జపాన్‌లో 1985 జనవరి 1 దాకా, తండ్రి విదేశీయుడైతే జపాన్ తల్లి బిడ్డకు తన జాతీయతను ఇవ్వలేకపోయేది. భారత చట్టంలోనూ విదేశంలో పుట్టిన బిడ్డకు వంశానుక్రమ పౌరసత్వం 1992 డిసెంబర్ 10 దాకా తండ్రి ద్వారా మాత్రమే వచ్చేది. ఆ తేదీకి ముందు పుట్టిన బిడ్డ అయితే, నాకు ఫోన్ చేసిన మా అమ్మాయి అదే ప్రశ్నకు తన భర్త పౌరసత్వమేదో చెబితే తప్ప జవాబు దొరికేది కాదు. ఈనాటికీ ప్రపంచంలో ఇరవైకి పైగా దేశాల్లో తల్లికి తండ్రితో సమానంగా ఈ హక్కు లేదు.

బోట్స్‌వానాకు చెందిన న్యాయవాది యూనిటీ డౌ కథ ఇక్కడ చెప్పి తీరాలి. ఆమె 1984లో, ఎన్నో ఏళ్ళుగా అక్కడే ఉంటున్న ఒక అమెరికన్‌ను పెళ్ళి చేసుకున్నారు. పెళ్ళికి ముందే, 1979లో, వారికి ఒక బిడ్డ పుట్టింది. పెళ్ళయ్యాక 1985లో ఒకరు, 1987లో ఒకరు పుట్టారు. 1984లో వచ్చిన పౌరసత్వ చట్టం, పెళ్ళైనవారి బిడ్డకు తండ్రి పౌరసత్వమే వస్తుందనీ, తల్లి పౌరసత్వం రావాలంటే బిడ్డ వివాహేతర సంతానమై ఉండాలనీ చెప్పింది. ఫలితం ఏమిటంటే, అదే తల్లికీ అదే తండ్రికీ, అదే దేశంలో పుట్టిన ముగ్గురిలో, పెళ్ళికి ముందు పుట్టిన పెద్దబిడ్డ బోట్స్‌వానా పౌరురాలు, పెళ్ళయ్యాక పుట్టిన ఇద్దరూ విదేశీయులు. వారిద్దరూ తాము పుట్టిన ఇంట్లో తండ్రి నివాస అనుమతి మీద ఆధారపడి ఉండాలి, ఆ అనుమతి పొడిగించకపోతే తండ్రితో పాటు వెళ్ళిపోవాలి. పెళ్ళి చేసుకోవడమే ఆ తల్లి చేసిన తప్పన్నట్టుగా ఉంది లెక్క.

ఆమె తన దేశపు ప్రభుత్వం మీద దావా వేశారు. రాజ్యాంగంలో వివక్ష నిషేధించే జాబితాలో జాతి, తెగ, రంగు, మతం ఉన్నాయి కానీ స్త్రీ పురుష భేదం లేదనీ, తండ్రి తెగనే బిడ్డ తెగగా చూసే ఆచారాన్ని కాపాడడానికి దాన్ని కావాలనే వదిలేశారనీ ప్రభుత్వం వాదించింది. ఆ వాదనలోని నిజాయితీ నన్ను ఆశ్చర్యపరిచింది. సాధారణంగా ప్రభుత్వాలు పొరపాటు అంటాయి, ఇక్కడ కావాలనే చేశామన్నారు. 1991లో హైకోర్టు ఆమె పక్షాన తీర్పు చెప్పింది, 1992లో అప్పీలు కోర్టు దాన్ని ఖాయం చేసింది, 1995లో పార్లమెంటు చట్టం సవరించింది. ఆ తర్వాత యూనిటీ డౌ ఆ దేశపు హైకోర్టులో మొదటి మహిళా న్యాయమూర్తి అయ్యారు.

ఇటలీ విషయంలో ఇదే లోపం మరోలా కనిపిస్తుంది. ఇటలీ రక్తసూత్రం 2025 దాకా ఎంత పొడవుగా ఉండేదంటే, 1861లో దేశం ఏర్పడిన నాటి పూర్వీకుడి దాకా కాగితాలు చూపించగలిగితే, ఇటలీ గడప తొక్కని మునిమనవడు కూడా బ్యూనస్ ఎయిరీస్‌లోనో సావో పాలోలోనో కూర్చుని పౌరుడు కాగలిగేవాడు. అయితే ఆ గొలుసులో ఎక్కడైనా ఒక స్త్రీ ఉంటే, ఆమె బిడ్డ 1948 జనవరి 1కి ముందు పుట్టి ఉంటే, కార్యాలయాల్లో గొలుసు అక్కడే తెగిపోయేది. ఎందుకంటే స్త్రీ పురుషులకు సమానత్వం ఇచ్చిన రాజ్యాంగం అమలులోకి వచ్చింది ఆ రోజునే. అలాంటివారు కోర్టుకెక్కి గెలవాల్సి వచ్చింది. 2025 మార్చిలో ఇటలీ ప్రభుత్వం ఈ పొడవైన గొలుసును ప్రధానంగా తల్లిదండ్రులు, తాతలు, అమ్మమ్మ నానమ్మల తరం వరకే కుదించింది. అర్ధరాత్రి దాటేలోగా దరఖాస్తు చేరినవారికి ఒక నియమం, చేరనివారికి మరొకటి.

తన చట్టం తన ఇంటి మీదే పడడం కూడా ఈ చరిత్రలో ఉంది. క్రీస్తుపూర్వం 451లో గ్రీకు నగరం ఏథెన్సులో అక్కడి నాయకుడు పెరిక్లీజ్ ప్రతిపాదించిన చట్టం, తల్లీ తండ్రీ ఇద్దరూ ఏథెన్సు పౌర కుటుంబాలవారైతేనే బిడ్డ పౌరుడని చెప్పింది. తర్వాత ఆయన మిలెటస్ అనే మరో నగరం నుంచి వచ్చిన అస్పేసియాతో కలిసి జీవించాడు, వారికి ఒక కొడుకు పుట్టాడు. మహమ్మారిలో మొదటి భార్య కొడుకులిద్దరూ చనిపోయాక, వంశం నిలపడానికి మిగిలిన ఆ ఒక్క కొడుకుకూ తన చట్టం నుంచే మినహాయింపు ఇమ్మని ఆయన నగరాన్ని వేడుకోవలసి వచ్చింది. ఇచ్చారు.

పెళ్ళి దగ్గరకు వద్దాం. పెళ్ళి ద్వారా పౌరసత్వం అనగానే ఇప్పుడు మనకు వచ్చేదే గుర్తొస్తుంది కానీ, చాలాకాలం అది స్త్రీలకు పోయేది కూడా. భార్య భర్త జాతీయతను అనుసరిస్తుందని 1804 నాటి ఫ్రెంచి స్మృతి రాసింది. బ్రిటన్‌లో విదేశీయుణ్ణి పెళ్ళాడిన స్త్రీ తన జాతీయతను కోల్పోవడం 1949 దాకా సాగింది. అమెరికా 1907లో ఇదే నియమం పెట్టింది. కాలిఫోర్నియాలో పుట్టి అక్కడే పెరిగిన ఎథెల్ మెకెంజీ 1909లో స్కాట్లండు గాయకుడొకరిని పెళ్ళి చేసుకుని అక్కడే కాపురం ఉన్నారు. 1911లో కాలిఫోర్నియా స్త్రీలకు ఓటుహక్కు వచ్చింది. ఆమె ఓటరుగా పేరు రాయించుకోవడానికి వెళ్తే, మీరు బ్రిటిష్ పౌరురాలు, కుదరదన్నారు. ఊరు దాటకుండానే ఆమె పరదేశి అయిపోయింది. పర్యవసానం తెలిసే ఇష్టపూర్వకంగా పెళ్ళి చేసుకుంది కనుక పౌరసత్వాన్ని కూడా ఇష్టపూర్వకంగానే వదులుకున్నట్టని 1915లో సుప్రీంకోర్టు తీర్పు చెప్పింది. 1922లో ఈ నియమాన్ని చాలావరకు తీసేశారు కానీ, సహజీకరణకు అర్హత లేని ఆసియా జాతులవారిని పెళ్ళాడిన స్త్రీలకు 1931 దాకా ఆ శిక్ష కొనసాగింది.

ఇప్పుడు పెళ్ళి దాదాపు ఎక్కడా పౌరసత్వం ఇవ్వదు, ఎదురుచూపును తగ్గిస్తుందంతే. అమెరికాలో శాశ్వత నివాసికి మామూలుగా అయిదేళ్ళు పట్టే చోట, పౌరుడైన జీవిత భాగస్వామితో కాపురం ఉంటే మూడేళ్ళు. ఫ్రాన్సులో మామూలుగా నాలుగేళ్ళ దాంపత్యం. భారత్‌లో పెళ్ళి తర్వాత వచ్చేది నమోదు దారి, దానికి ఏడేళ్ళ నివాసం కావాలి. ఆ ఏళ్ళ కంటే కష్టమైనది, పెళ్ళి నిజమైనదేనని నిరూపించడం. అనుమానం వస్తే అమెరికా అధికారులు భార్యాభర్తలను వేరువేరుగా కూర్చోబెట్టి, మంచానికి ఎవరు ఏ వైపు పడుకుంటారు, పొద్దున ముందు ఎవరు లేస్తారు వంటి ప్రశ్నలడిగి జవాబులు సరిచూస్తారు. పాతికేళ్ళ కాపురం తర్వాత కూడా ఆ పరీక్షలో నేను గట్టెక్కుతానన్న నమ్మకం నాకు లేదు. మా ఆవిడ కళ్ళజోడు నంబరు ఎంతో ఇప్పటికీ తెలియదు.

చివరి దారి సహజీకరణ. ఈ మాటను తెలుగులో ఎవరు కూర్చారో కానీ, మనిషి అసహజంగా ఉన్నాడనీ, అధికారులు అతన్ని సహజం చేస్తారనీ ధ్వనిస్తుంది. భారత చట్టంలో దీనికి సాధారణంగా పన్నెండేళ్ళ నివాసం కావాలి: దరఖాస్తుకు ముందు పన్నెండు నెలలు విడవకుండా, అంతకుముందు పద్నాలుగేళ్ళలో కనీసం పదకొండేళ్ళు. రాజ్యాంగం ఎనిమిదో షెడ్యూలులోని భాషల్లో ఒకటి తగినంతగా రావాలి. ఆ భాషల్లో తెలుగు ఉంది కనుక, కేవలం తెలుగు నేర్చుకుని భారతీయుడైన విదేశీయుణ్ణి ఊహించుకుంటే సంతోషం వేస్తుంది. మన భాషలోని ద్విత్వాక్షరాలూ అరసున్నాలూ చూసి అతను వేరే భాష ఎంచుకుంటాడేమో తెలియదు.

అమెరికాలో సహజీకరణను 1790 నాటి చట్టం స్వతంత్రులైన శ్వేతజాతీయులకే పరిమితం చేసింది, 1870లో ఆఫ్రికా మూలాలవారిని చేర్చారు. ఇంతకీ శ్వేతజాతీయుడంటే ఎవరన్నది తేల్చడం కోర్టుల మీద పడింది. తకావో ఒజావా జపాన్‌లో పుట్టి, అమెరికాలో చదువుకుని, ఇంట్లో ఇంగ్లీషే మాట్లాడుకుంటూ ఇరవై ఏళ్ళ పాటు జీవించినవాడు. శ్వేతజాతీయుడంటే కాకేసియన్ జాతివాడని, ఒజావా కాకేసియన్ కాదని 1922 నవంబరులో సుప్రీంకోర్టు ఆయన దరఖాస్తు తోసిపుచ్చింది. మూడు నెలలకు, 1923 ఫిబ్రవరిలో, పంజాబులో పుట్టి మొదటి ప్రపంచయుద్ధ కాలంలో అమెరికా సైన్యంలో పనిచేసిన భగత్ సింగ్ థింద్ కేసు వచ్చింది. ఆనాటి జాతిశాస్త్రం ఉత్తర భారతీయులను కాకేసియన్లుగానే లెక్కిస్తుంది కదా, అందువల్ల నేను అర్హుణ్ణని ఆయన కోర్టు చెప్పిన మాటనే కోర్టుకు అప్పజెప్పాడు. ఈసారి కోర్టు శాస్త్రాన్ని పక్కన పెట్టి, శ్వేతజాతీయుడంటే మామూలు మనిషి ఎవరిని అనుకుంటాడో వాళ్ళేనంది. రెండు తీర్పులూ రాసింది ఒకే న్యాయమూర్తి, జార్జ్ సదర్లాండ్. ఆయన ఇంగ్లండులో పుట్టి చిన్నతనంలో తల్లిదండ్రులతో వలస వచ్చినవాడు. థింద్‌కు చివరికి 1936లో, మాజీ సైనికుల కోసం వచ్చిన చట్టం ద్వారా పౌరసత్వం దక్కింది. భారతీయులకు సహజీకరణ దారి 1946లో తెరుచుకుంది, జాతి ఆధారిత నిషేధం పూర్తిగా 1952లో పోయింది.

న్యాయమూర్తి కాక ఇరుగుపొరుగే నిర్ణయిస్తే ఎలా ఉంటుందో స్విట్జర్లాండులో చూడవచ్చు. అక్కడ సహజీకరణకు దేశంతో పాటు స్థానిక సంఘం కూడా ఒప్పుకోవాలి. 2000లో ఎమ్మెన్ పట్టణంలో దరఖాస్తుదారుల వివరాలు ఇంటింటికీ పంచి ఓటింగు పెట్టారు. ఇటలీ మూలాలవారు నెగ్గారు, పూర్వపు యుగోస్లావియా నుంచి వచ్చినవారు ఓడారు. కారణం చెప్పకుండా కాదనడం వివక్షకు తావిస్తుందంటూ 2003లో ఫెడరల్ సుప్రీంకోర్టు ఆ పద్ధతిని రద్దు చేసింది.

డబ్బు మాట కూడా ఉంది. జర్మనీలో పుట్టి 1905 నుంచి గ్వాతెమాలాలో వ్యాపారం చేసుకుంటున్న ఫ్రీడ్రిక్ నాటెబోమ్, 1939లో యుద్ధం మొదలవగానే యూరప్‌లోని చిన్న రాజ్యం లీక్టెన్‌స్టైన్ వెళ్ళి, స్థానిక సంఘానికి 25,000, రాజ్యానికి 12,500 స్విస్ ఫ్రాంకులు చెల్లించి, మూడేళ్ళ నివాస నిబంధన నుంచి మినహాయింపు పొంది, పౌరుడై తిరిగివెళ్ళాడు. 1943లో గ్వాతెమాలా ఆయన్ని శత్రుదేశీయుడిగా అరెస్టు చేసి, తర్వాత ఆస్తి స్వాధీనం చేసుకుంది. 1955లో అంతర్జాతీయ న్యాయస్థానం, మనిషికీ దేశానికీ మధ్య నిజమైన జీవన సంబంధం లేకపోతే ఆ పౌరసత్వాన్ని వేరే దేశం గుర్తించనక్కర్లేదని లీక్టెన్‌స్టైన్ దావాను తోసిపుచ్చింది. అయినా సెయింట్ కిట్స్ అండ్ నేవిస్ 1984లో పెట్టుబడికి పౌరసత్వం ఇవ్వడం మొదలుపెట్టింది, మరికొన్ని దేశాలు అనుసరించాయి. 2025 ఏప్రిల్‌లో యూరోపియన్ యూనియన్ న్యాయస్థానం మాల్టా నడిపిన అలాంటి పథకాన్ని చెల్లదని తేల్చింది.

ఈ నాలుగు దారులూ ఒకదానికొకటి ఎలా అడ్డం తిరుగుతాయో డొమినికన్ రిపబ్లిక్‌లో కనిపించింది. అక్కడి రాజ్యాంగం నేలసూత్రాన్ని గుర్తిస్తూనే, దేశం గుండా 'ప్రయాణంలో ఉన్న' విదేశీయుల పిల్లలను మినహాయించేది. 2013 సెప్టెంబరులో రాజ్యాంగ న్యాయస్థానం, పత్రాలు లేని వలసదారులందరూ ఎన్నేళ్ళు ఉన్నా ప్రయాణంలో ఉన్నట్టేననీ, ఇది 1929 నుంచి పుట్టినవారికి వర్తిస్తుందనీ తీర్పు ఇచ్చింది. చెరకు తోటల్లో పని కోసం హైతీ నుంచి వచ్చినవారి పిల్లలు, మనవలు, ముసలివాళ్ళైపోయినవారు సైతం, ఒక ఉదయం లేచేసరికి పౌరులు కాకుండా పోయారు. ప్రపంచమంతా గగ్గోలు పుట్టాక, మరుసటి ఏడాది ప్రభుత్వం ఒక చట్టం చేసి వారిని రెండు వర్గాలుగా విడదీసింది. పుట్టినప్పుడు తల్లిదండ్రులు జనన రిజిస్టరులో పేరు రాయించినవారికి పౌరసత్వం తిరిగి ఇస్తామన్నారు. రాయించనివారు మాత్రం, తాము పుట్టిన దేశంలో ముందు విదేశీయులుగా నమోదు చేసుకుని, రెండేళ్ళు ఆగి, ఆ తర్వాత సహజీకరణకు దరఖాస్తు పెట్టుకోవాలన్నారు.